ఆచూకీ చెప్పిన క్లారా

యుద్ధానికి వెళ్లిన మనిషి క్షేమంగా తిరిగొస్తే ఇంటికి పండగే. చనిపోయాడని కబురొస్తే ఏడ్చి ఏడ్చి, ఎప్పటికో ఒకప్పటికి మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. ఈ రెండూ కాక, అసలు ఏ కబురూ రాకపోతేనో? ఉన్నాడో లేడో తెలీదు. ఎదురుచూడాలో మానెయ్యాలో తెలీదు. మన ఇళ్లలో అయితే నుదుటి బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో కూడా తెలీని స్థితి.

1865లో అమెరికాలో అలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి. బానిసత్వం విషయంలో తగువు ముదిరి, ఉత్తరాది రాష్ట్రాలూ దక్షిణాది రాష్ట్రాలూ నాలుగేళ్లపాటు కొట్టుకుని అప్పుడే చల్లబడ్డాయి. ఆ రోజుల్లో సిపాయికి సర్కారు ఇచ్చే గుర్తింపు బిళ్ల లేదు. పోరు మొదలయ్యే ముందు కొందరు తమ పేరు కాగితం ముక్క మీద రాసుకుని కోటుకి గుచ్చుకునేవారట, శవాన్ని చూసి ఎవరైనా పోల్చుకుంటారని! పడిపోయినవాళ్లని పడినచోటే గొయ్యి తీసి పూడ్చి సైన్యం ముందుకు సాగిపోయేది. తరువాత కొన్నేళ్లపాటు ప్రభుత్వం ఉత్తరాది సైనికుల శవాల్ని వెతికి తీయించి జాతీయ శ్మశానాలకి చేర్చింది. అలా చేర్చినవి సుమారు 3 లక్షలు. వాటిలో పేరు తెలిసినవి సగానికి కొంచెం ఎక్కువ, అంతే.

దుఃఖం ఒక ఎత్తు, పొట్టపోసుకోవడం ఇంకో ఎత్తు. 1862లో చేసిన చట్టం ప్రకారం చనిపోయిన మామూలు సిపాయి భార్యకి నెలకి 8 డాలర్ల పింఛను రావాలి. భార్యాపిల్లలు లేకపోతే, కొడుకు సంపాదన మీదే బతికిన తల్లికి రావాలి. కానీ రావాలంటే ఫలానా మనిషి ఫలానా చోట చనిపోయాడని రుజువు చూపించాలి. లెక్కల్లో ఆచూకీ తెలియదని రాసి ఊరుకున్న మనిషికి రుజువు ఎక్కణ్ణించి తెస్తుంది, ఏ పల్లెలోనో ఉన్న ఆ ఇల్లాలు? ఓడిపోయిన దక్షిణాది వితంతువులకైతే ఆ 8 డాలర్ల ఆశ కూడా లేదు.

ఆ రుజువులు వెతికిపెట్టే పని 43 ఏళ్ల అవివాహిత ఒకావిడ తన నెత్తిన వేసుకుంది. పేరు క్లారా బార్టన్. అమెరికా రెడ్‌క్రాస్ స్థాపకురాలిగా ఆవిడ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం ఆ పెద్ద పేరుకన్నా ముందు, ఒక అద్దెగదిలో కూర్చుని ఆవిడ చేసిన పనే గొప్పగా అనిపిస్తుంది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెప్తాను.

బిడియపు పిల్ల

క్లారా 1821 డిసెంబరు 25న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టింది. అయిదుగురిలో ఆఖరిది. తనకన్నా పైది కూడా పదేళ్లు పెద్దది కావడంతో ఇంట్లో ఆడుకోవడానికి తోడెవరూ లేరు. తండ్రి స్టీఫెన్ కుర్రతనంలో సిపాయిగా పనిచేసి వచ్చినవాడు. ఆయన చెప్పే యుద్ధం కథలు వింటూ పెరగడంతో సైన్యంలో ఏ హోదా ఎవరిదో, ఎవరు ఎవరికింద ఉంటారో ఆ పిల్లకి చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. కొత్తవాళ్ల ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. అంత బిడియం.

11 ఏళ్లప్పుడు అన్న డేవిడ్ కొట్టం కడుతూ పైనుంచి పడిపోయాడు. దాదాపు రెండేళ్లు మంచంలోనే ఉన్నాడు. క్లారా బడి మానేసి అన్న దగ్గరే కూర్చుంది. మందులు పోయడమే కాదు, ఆ రోజుల వైద్యం ప్రకారం ఒంటికి జలగలు పట్టించడం కూడా ఆ పసిదే చేసింది. అన్న లేచి నడిచాడు.

బిడియం పోవాలంటే పదిమందికి చదువు చెప్పించమని ఎవరో సలహా ఇచ్చారట తల్లిదండ్రులకి. 17 ఏళ్లకే పంతులమ్మ అయింది. అల్లరి పిల్లల్ని బెత్తంతో కాకుండా వాళ్లతో బంతాట ఆడి దారికి తెచ్చుకుంది. పదేళ్లకి పైగా అదే పని. 1852లో న్యూజెర్సీలోని బోర్డెన్‌టౌన్‌లో వీధుల వెంట తిరిగే పిల్లల్ని చూసి, ఫీజు లేని బడి పెడదామని ఊరి పెద్దల్ని ఒప్పించింది. ఆరుగురితో మొదలైన బడి ఏడాది తిరిగేసరికి వందల్లోకి పెరిగింది. ఊరివాళ్లు సంబరపడి కొత్త భవనం కట్టించారు. కట్టించి, దానికి హెడ్‌మాస్టరుగా ఓ మగమనిషిని తీసుకొచ్చి, క్లారాకిచ్చేదానికి రెట్టింపుకన్నా ఎక్కువ జీతం ఇచ్చారు. ఎందుకయ్యా అంటే అంత పెద్ద బడి ఆడమనిషి నడపలేదట! మొక్క నాటింది ఒకరు, పందిరి కింద కుర్చీ వేసుకుంది మరొకరు. క్లారా గొంతు పోయింది, నిజంగానే, మాట పెగలనంతగా. ఉద్యోగం వదిలేసి వాషింగ్టన్ చేరింది.

1854లో అక్కడ పేటెంట్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. మగవాళ్లతో సమానంగా ఏడాదికి 1,400 డాలర్ల జీతం! అప్పట్లో ప్రభుత్వ ఆఫీసులో ఆడమనిషికి అది కనీవినీ ఎరుగని మాట. తోటి గుమాస్తాలు ఊరుకుంటారా? ఆవిడ నడిచే దారిలో వరసగా నిలబడి మొహాన చుట్టపొగ వదిలేవారు, పొగాకు ఉమ్మేవారు, వెనకాల లేనిపోని మాటలు అల్లేవారు. పైన మంత్రిగారికి ఆఫీసుల్లో ఆడవాళ్లుండటమే గిట్టదు. ఆవిణ్ణి గుమాస్తా స్థానం నుంచి తగ్గించి, 100 మాటలు నకలు రాస్తే 10 సెంట్లు అనే లెక్కన పని చేయించారు. 1857లో అదీ తీసేశారు, 1860లో మళ్లీ పిలిచారు. గట్టిగా నిలబడటం క్లారాకి యుద్ధభూమిలో అబ్బిందని చాలామంది రాస్తుంటారు గానీ, ఆ ఆఫీసు వరండాలోనే అబ్బిందని నా అనుమానం.

మొక్కజొన్న పిండిలో దొరికిన జావ

1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. వాషింగ్టన్ కాపలాకి వస్తున్న మసాచుసెట్స్ పటాలం మీద దారిలో బాల్టిమోర్‌లో జనం రాళ్లతో, తుపాకులతో విరుచుకుపడ్డారు. దెబ్బలు తిన్న కుర్రాళ్లని తెచ్చి ఏకంగా సెనేట్ సభామందిరంలో పడుకోబెట్టారు. చూడ్డానికి వెళ్లిన క్లారాకి వాళ్లలో తన ఊరివాళ్లు, తను అక్షరాలు దిద్దించిన పిల్లలు కనిపించారు. పెట్టెలన్నీ దారిలోనే పోగొట్టుకుని కట్టుబట్టలతో ఉన్నారు. ఇంటికి పరుగెత్తి పాత దుప్పట్లు చింపి తువ్వాళ్లూ రుమాళ్లూ చేసింది. సూదీ దారం, సబ్బు, తినుబండారాలు మోయించుకొచ్చింది. ఊరి నుంచి వచ్చిన పత్రికని సెనేట్ అధ్యక్షుడి బల్ల దగ్గర నిలబడి అందరికీ చదివి వినిపించింది.

అక్కణ్ణించి ఇక ఆగలేదు. సామాను పంపమని పత్రికలో ప్రకటన ఇస్తే, ఊళ్లలో ఆడవాళ్లు కుట్టిన చొక్కాలు, పచ్చళ్ల సీసాలు, కట్లు కట్టే గుడ్డలు పెట్టెలకొద్దీ వచ్చిపడ్డాయి. ఆవిడ గది గోడౌనయింది. ఇన్ని సామాన్లున్నా గాయపడ్డవాడి దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోతోందని ఆవిడ బాధ. యుద్ధభూమికి ఆడవాళ్లు వెళ్లకూడదని కట్టడి. 1862 మార్చిలో తండ్రి చివరి ఘడియల్లో ఉండి, వెళ్లమని ఆశీర్వదించాడు. ఆ ఆగస్టులో పై అధికారుల అనుమతి దొరికింది. పేటెంట్ ఆఫీసు ఉద్యోగం వదలకుండా, తన బదులు ఓ మనిషిని పెట్టి, జీతంలో సగం ఆ మనిషికిచ్చి, మిగతా సగంతో బతికింది.

1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ అనే చోట జరిగిన పోరులో ఒక్క రోజులో సుమారు 23 వేలమంది చనిపోవడమో, గాయపడటమో, కనిపించకుండా పోవడమో జరిగింది. క్లారా బండి చేరేసరికి డాక్టర్ల దగ్గర కట్లకి గుడ్డలైపోయి మొక్కజొన్న ఆకులు వాడుతున్నారు. గాయపడ్డ ఒకతని తల ఎత్తి నీళ్లు తాగిస్తుంటే, ఆవిడ చొక్కా చేతిలోంచి గుండు దూసుకుపోయి అతనికి తగిలింది. అతను ఆవిడ చేతుల్లోనే పోయాడు. ఆ చిల్లుని మళ్లీ కుట్టలేదని తర్వాత తనే చెప్పుకుంది.

తెచ్చిన తిండి అయిపోయింది. మిగిలినవి ద్రాక్షసారా సీసాల పెట్టెలు. విప్పి చూస్తే కొన్నిటిలో సీసాలు పగలకుండా రంపపు పొట్టుకి బదులు మొక్కజొన్న పిండి పోసి ఉంది! ఆ పిండంతా దులిపి పెద్ద పెద్ద కాగుల్లో జావ కాయించి రాత్రంతా పోయించింది. చీకటి పడ్డాక డాక్టర్లకి దీపాల్లేకపోతే, తను తెచ్చిన లాంతర్లు బయటికి తీసింది. అంతకుముందు ఒక పోరులో చీకట్లో పడ్డ అవస్థ గుర్తుపెట్టుకుని తెచ్చిన లాంతర్లవి. సంసారం చేసిన ఆడదానికున్నంత ముందుచూపు, సంసారం లేని క్లారాకుంది.

ఇంకో అలవాటు కూడా అప్పుడే అయింది. చనిపోతున్న సిపాయిలు తల్లికో చెల్లికో ఏదో చెప్పమనేవారు. ఆ పేరు, ఊరు, పటాలం నంబరు చిన్న పుస్తకంలో రాసుకునేది. తిరిగొచ్చాక ఇంటికి ఉత్తరం వేసేది. ఉత్తరం అందుకున్నవాళ్లు పక్కింటివాళ్ల అబ్బాయి సంగతి కూడా కనుక్కోమని రాసేవారు. అలా ఒకటి రెండై, పదులై, గదంతా ఉత్తరాలయ్యాయి.

మూడో అంతస్తు, 9వ నంబరు గది

1865 మొదట్లో దక్షిణాది చెరల నుంచి విడిచిపెట్టిన ఖైదీలు అనపోలిస్ రేవుకి చేరుతుంటే, క్లారా అక్కడ ఓ సంగతి గమనించింది. వాళ్లలో ప్రతివాడికీ, చనిపోయిన మరో పదిమంది సంగతి తెలుసు. ఆ పదిమంది ఇళ్లవాళ్లు ఏమీ తెలీక అల్లాడుతున్నారు. తెలిసినవాణ్ణీ, తెలుసుకోవాలనుకునేవాళ్లనీ కలిపే మనిషే లేదు. ఆ మనిషి తనే అవుతానని అధ్యక్షుడు లింకన్‌ని అనుమతి అడిగింది. తెలిసిన సెనేటరు ఒకాయన సాయం చేశాడు. 1865 మార్చిలో, ఆచూకీ లేని ఖైదీల బంధువులు పేరు, పటాలం వివరాలతో క్లారా బార్టన్‌కి రాయవచ్చని లింకన్ పేరుతో పత్రికల్లో ప్రకటన వెలువడింది. మరుసటి నెలలోనే లింకన్ హత్య జరిగింది. ప్రకటన మాత్రం పనిచేసింది. ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయి.

వాషింగ్టన్‌లో సెవెంత్ స్ట్రీట్‌లో, కింద దుకాణాలూ పైన అద్దెగదులూ ఉన్న ఇంట్లో మూడో అంతస్తున 9వ నంబరు గది ఆవిడ నివాసం. అదే ఆఫీసు. మెట్ల దగ్గర ఓ రేకు బోర్డు. కొద్దిమంది గుమాస్తాలు. పని ఎలా సాగేదంటే, ఉత్తరం రాగానే సిపాయి పేరు, పటాలం, ఆఖరిసారి ఎక్కడున్నాడో పద్దులో ఎక్కించేవారు. పేర్లన్నీ రాష్ట్రాలవారీగా విడదీసి పెద్ద కాగితం మీద అచ్చు వేయించి ఊరూరా పోస్టాఫీసులకి, పత్రికలకి పంపేవారు. ఖర్చు తట్టుకోలేకపోతే కొత్త అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చు వేయించుకోనిచ్చాడు. 1865 జూన్‌లో వచ్చిన మొదటి జాబితాలో సుమారు 1,500 పేర్లున్నాయి. ఇలాంటివి అయిదు వెలువడ్డాయి.

ఊళ్లో పోస్టాఫీసు గోడ మీద ఆ కాగితం చూసి, ఇంటికి తిరిగొచ్చిన సిపాయి ఎవరో ఆగుతాడు. వీడు నా పక్కనే పడిపోయాడే అనుకుంటాడు. ఓ ఉత్తరం ముక్క రాసి పడేస్తాడు. క్లారా ఆ ముక్కని సరిచూసుకుని, ఆ ఇంటికి జాగ్రత్తగా, మెత్తగా ఉత్తరం రాస్తుంది. ఎక్కడ పోయాడో, ఎప్పుడు పోయాడో, చూసినదెవరో. ఆ రాతే తల్లికి ఓదార్పు. పింఛను కాగితాలకి అదే ఆధారం. పాత సైనికుల్నే సాక్షులుగా చేసి, చనిపోయిన సైనికుల కుటుంబాల్ని ఆదుకోవడం! కంప్యూటర్లూ ఫోన్లూ లేని కాలంలో ఇంత తేలికైన ఉపాయం ప్రభుత్వంలో ఎవరికీ ఎందుకు తట్టలేదో మరి.

అన్నీ ఏడుపు కథలే కాదు. కొందరు బతికే ఉండి దొరికారు. ఒకడైతే తన పేరు ఊరి గోడ మీదికెక్కించి పరువు తీశారని క్లారా మీద కోపంగా ఉత్తరం రాశాడు. ఇంటికి రాయాలనిపించినప్పుడు తనే రాసుకుంటాడట! క్లారా జవాబు చదివితే పంతులమ్మ బెత్తం పట్టుకోకపోయినా ఎలా కొట్టగలదో తెలుస్తుంది. అతని గురించి అతనికన్నా ఇంట్లోవాళ్లే ఎక్కువ బెంగపెట్టుకోవడం వాళ్ల దురదృష్టమనీ, అతనికి తోచినా తోచకపోయినా అతను బతికున్నాడని తనే వాళ్లకి రాస్తాననీ దాని సారాంశం.

అంకెలకి పేర్లు

ఆ జూన్‌లోనే వచ్చిన ఓ ఉత్తరం అన్నిటికన్నా బరువైంది. రాసినవాడు డోరెన్స్ అట్‌వాటర్. 20 ఏళ్ల కుర్రాడు. 16 ఏళ్లకే సైన్యంలో చేరి, పట్టుబడి, జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ చెరలో పడ్డాడు. పైకప్పు కూడా లేని ఆ దడిలో ఒక దశలో 30 వేలమందికి పైగా కుక్కారు. మురికినీళ్లు, తిండిలేమి, విరేచనాలు. 14 నెలల్లో దాదాపు 13 వేలమంది చనిపోయారు. అట్‌వాటర్ చేతిరాత బాగుందని చావుల పద్దు రాయడానికి పెట్టుకున్నారు. ఈ పద్దు శత్రువుల చేతిలో ఉంటే ఎప్పటికీ బయటికి రాదని భయపడి, అతను రహస్యంగా ఇంకో నకలు రాసి, విడుదలయ్యేటప్పుడు కోటు లోపల దాచి తెచ్చాడు.

అక్కడ శవాల్ని భుజానికి భుజం ఆనేలా కందకాల్లో వరసగా పూడ్చి, తల దగ్గర అంకె వేసిన మేకు పాతేవారు. ఏ అంకె ఎవరిదో చెప్పేది ఆ పద్దు. అంటే అంకెలు నేలలో ఉన్నాయి, పేర్లు కాగితం మీద ఉన్నాయి. రెండూ కలిపితే చాలు! క్లారా యుద్ధ మంత్రి దగ్గరికి పరుగెత్తింది. 1865 జులైలో మూర్ అనే కెప్టెను, పనివాళ్లు, పేర్లు రాయడానికి పలకలు, వాళ్లతో క్లారా, అట్‌వాటర్ బయల్దేరారు. ఓ ఆడమనిషి వెంట రావడం ఆ కెప్టెనుకి బొత్తిగా ఇష్టంలేదు. ఆవిడ పట్టించుకోలేదు. నాలుగు వారాల్లో నాలుగైదు వందలు తప్ప మిగతా సమాధులన్నిటికీ పేర్లొచ్చాయి. ఆగస్టు 17న అక్కడ జెండా ఎగరేసిన చెయ్యి క్లారాది.

ఆ రోజుల్లోనే చుట్టుపక్కల నల్లవాళ్లు మైళ్లకొద్దీ నడిచి ఆవిణ్ణి చూడ్డానికొచ్చేవారు. లింకన్ పోయాడు కనక మీరు మళ్లీ బానిసలేనని యజమానులు చెప్పారట. నిజమేనా అని అడగడానికొచ్చారు. వాళ్లకి చదువు రాదు. కాగితం మీద ఏముందో చెప్పే దిక్కులేదు. క్లారా ప్రభుత్వ ఉత్తర్వులు చదివి వినిపించి, మీరు స్వేచ్ఛాజీవులేనని చెప్పింది. 1866లో పార్లమెంటు కమిటీ ముందుకి సాక్ష్యానికి పిలిస్తే, అక్కడ చూసిందంతా వివరించింది.

మరి అట్‌వాటర్‌కి దక్కిన బహుమానం? జైలు! తను రాసిన జాబితాని తనే తిరిగి తీసుకున్నందుకు దొంగతనం నేరం మోపి, సైనిక కోర్టు ఏడాదిన్నర కఠిన శిక్ష వేసింది. ఆఫీసులో ఉన్న కాగితాన్ని బయటికివ్వని అధికారులు నేరస్థులు కాలేదు, ఇద్దామన్న కుర్రాడయ్యాడు. క్లారా ఎక్కని గుమ్మం లేదు. రెండు నెలలకి బయటపడ్డాడు. 1866లో ఆ జాబితా న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక ద్వారా అచ్చయి వేల ఇళ్లకి చేరింది. తరువాత అతను దూరదేశాల్లో అమెరికా ప్రతినిధిగా పనిచేసి, తహితీ దీవిలో రాజవంశపు అమ్మాయిని పెళ్లాడి అక్కడే స్థిరపడ్డాడు. అతనైనా సుఖపడ్డాడు, పోనీలెండి.

వేదికెక్కిన బిడియం

ఇంత పనికీ డబ్బెక్కడిది? మొదట్లో అంతా సొంత సొమ్ము. 1866 మార్చిలో పార్లమెంటు 15,000 డాలర్లు మంజూరు చేసింది. అదీ చాలక క్లారా ఉపన్యాసాలకి బయల్దేరింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని ఆ పిల్లే! ఒక్కో సభకి 75 నుంచి 100 డాలర్లు. రెండేళ్లలో 200కి పైగా సభలు. మంచులో రైళ్లెక్కి దిగుతూ, యుద్ధభూమిలో చూసింది చూసినట్టు చెప్పేది. ఊరూరా పాత సైనికులు ముందు వరసలో కూర్చునేవారు.

ఒక ఊళ్లో సభ పెట్టినవాళ్లు, ఈవిడ ఆడవాళ్ల హక్కులంటూ అరిచే రకం కాదని గొప్పగా కరపత్రం వేశారు. క్లారా ఉపన్యాసం ముగించి, ఆ కరపత్రం తీసి చదివి, సైనికులారా, మీకు అవసరమైనప్పుడు నేను మీ పక్కన నిలబడ్డాను, ఇప్పుడు నా హక్కుల కోసం మీరు నిలబడండి అనే అర్థం వచ్చేలా అడిగింది. స్త్రీలకి ఓటు కోసం పోరాడుతున్న సూసన్ ఆంథొనీ తనకి స్నేహితురాలని కూడా చెప్పింది. పాత సైనికులు లేచి జేజేలు కొట్టారట.

1868 చివర్లో వేదిక మీదే మళ్లీ గొంతు పోయింది. ఆఫీసు కూడా ముగింపుకొచ్చింది. లెక్క చూస్తే వచ్చిన ఉత్తరాలు 63,182. రాసిన జవాబులు 41,855. ఆచూకీ తేలిన మనుషులు 22,000కి పైగా. వీటిలో ఆండర్సన్‌విల్ జాబితా పుణ్యం తక్కువేం కాదు. అయినా ఒక్కసారి ఆ 41,855 దగ్గర ఆగండి. కరెంటు దీపం లేదు, టైపు మిషను లేదు. కలం సిరాలో ముంచి ముంచి రాసినవి. వాటిలో ఎన్ని, నీ కొడుకు లేడమ్మా అని చెప్పడానికి రాసినవో!

ఎర్రని గుర్తు

డాక్టర్లు విశ్రాంతి తీసుకోమంటే 1869లో యూరప్ వెళ్లింది. జెనీవాలో రెడ్‌క్రాస్ వాళ్లు కలిశారు. యుద్ధంలో గాయపడ్డవాడు ఏ పక్షంవాడైనా వైద్యం చెయ్యాలి, చేసేవాళ్లని కాల్చకూడదు అని 1864లో దేశాలు చేసుకున్న ఒప్పందంలో అమెరికా ఎందుకు చేరలేదని అడిగారు. అసలు అలాంటిదొకటుందని కూడా క్లారాకి తెలీదు! మరుసటేడు ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధమొస్తే విశ్రాంతి సంగతి మర్చిపోయి వెళ్లింది. ఫిరంగులకి కూలిన స్ట్రాస్‌బర్గ్ ఊళ్లో ఆవిడ చేసిన పని మన పాఠకులకి నచ్చుతుంది. ఊరికే బట్టలు పంచితే ఆడవాళ్లు చెయ్యి చాపడానికి అలవాటు పడతారని, కుట్టుకేంద్రం పెట్టి, గుడ్డ ఇచ్చి, కుట్టినందుకు కూలీ ఇచ్చింది. కుట్టిన బట్టలు బట్టల్లేనివాళ్లకి వెళ్లాయి. డ్వాక్రా సంఘాలు చూసిన కళ్లకి ఇది కొత్త కాదు, కానీ జరిగింది 1870-71లో.

అమెరికా తిరిగొచ్చి కొన్నేళ్లు జబ్బుపడి, 1877 నుంచి ఒకే పట్టు. ఒక అధ్యక్షుడు కాదన్నాడు, ఒప్పుకున్న రెండో ఆయన హత్యకి గురయ్యాడు, మూడో ఆయన 1882లో సంతకం పెట్టాడు. ఈలోపు 1881 మే 21న అమెరికా రెడ్‌క్రాస్ పుట్టనే పుట్టింది. యుద్ధాలప్పుడే కాదు, వరదలు, తుపాన్లప్పుడు కూడా రెడ్‌క్రాస్ రావాలన్నది క్లారా పట్టుదల. మన కోస్తావాళ్లకి దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. 1889లో జాన్స్‌టౌన్‌లో ఆనకట్ట తెగి 2 వేలమందికి పైగా పోతే, 67 ఏళ్ల వయసులో వెళ్లి అయిదు నెలలుంది. 1898లో క్యూబా యుద్ధానికి వెళ్లినప్పుడు 76. 1900లో గాల్వెస్టన్ తుపానుకి వెళ్లినప్పుడు 78.

మంచి చెప్పుకున్నాక ఇదీ చెప్పుకోవాలి. ఆవిడకి ఇంకొకరి చేతికి పని అప్పగించడం చేతకాదు. లెక్కలు సరిగా రాయించేది కాదు. సంస్థ పెరిగింది, అన్నీ తనే చూడాలన్న పట్టు తగ్గలేదు. తిన్నదన్న మాట ఎవరూ రుజువు చెయ్యలేకపోయినా, లెక్కల గొడవలో విమర్శలు ముదిరి 1904లో తప్పుకోవాల్సి వచ్చింది. చాలా నొచ్చుకుంది. మరుసటేడు, 1905లో, రెడ్‌క్రాస్ కోసం కొత్త చట్టం చేశారు. సైన్యానికీ ప్రజలకీ మధ్య కబుర్లు చేరవేసే సంస్థగా ఉండటం దాని బాధ్యతల్లో ఒకటిగా అందులో రాశారు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, విదేశంలో ఉన్న అమెరికా సైనికుడికి ఆ కబురు ఆసుపత్రి దగ్గర సరిచూసి అందించేది రెడ్‌క్రాసే. యుద్ధాల్లో విడిపోయినవాళ్లని వెతికిపెట్టే విభాగాలు ఎన్నో దేశాల రెడ్‌క్రాస్ సంస్థల్లో పనిచేస్తున్నాయి.

క్లారా చివరి రోజులు మేరీలాండ్‌లో గ్లెన్ ఎకోలో గడిచాయి. జాన్స్‌టౌన్ వరద బాధితుల కోసం వేసిన ఇళ్లు విప్పగా వచ్చిన కలపతో కట్టుకున్న ఇల్లది. 1912 ఏప్రిల్ 12న, 90 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూసింది.

సెవెంత్ స్ట్రీట్ ఇంటి సంగతి మాత్రం అందరూ మర్చిపోయారు. వీధిలో ఇళ్ల నంబర్లు మారాయి, పై అంతస్తులు మూసేశారు. 1996లో పాతబడిన ఆ ఇంటిని పడగొట్టేముందు చూసి రమ్మని ప్రభుత్వం ఓ వడ్రంగిని పంపింది. పైన అటక సందులో అతనికో కవరు కనిపించింది. ఇంకాస్త వెతికితే పాత బట్టలు, పత్రికలు, ఆచూకీ లేని సైనికుల జాబితాలు, వాటితోపాటు ఓ రేకు బోర్డు బయటపడ్డాయి. ఆచూకీ తెలియని సైనికుల ఆఫీసు, మూడో అంతస్తు, 9వ నంబరు గది, మిస్ క్లారా బార్టన్ అని దాని మీద రాసి ఉంది. ఇంటిని పడగొట్టలేదు. ఇప్పుడది మ్యూజియం.